పల్లె పాటకు పదిమంది

ఆగస్టు 4, 2024. ఆదివారం.

ఆరాధన ముగిసి హార్మోనియం మూత వేస్తుండగా ప్రొద్దుటూరు నుంచి ఆదినారాయణ ఫోను చేశాడు. పొలాలున్న ఇంటివాడు, సిమెంటు ఏజెంటు. పోయిన ఏడాది కళా సమితి ఒకటి పెట్టి దానికి తనే అధ్యక్షుడయ్యాడు.

"సారూ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, ఈ మూడు పక్కలా పల్లె పాటలు పాడేవాళ్లు శానామంది ఉండారు. వాళ్లల్లో మహా గాయకులు పదిమందిని ఏరి, ఒగటి నుంచి పది దాంకా వరస వేసి రాసియ్యండి. పుస్తకమేస్తాం."

నన్నే ఎందుకు అని అడిగాను. వెంటనే ఒప్పుకుంటే చులకనైపోతాం.

"పెట్టె వాయించే తెలుగయ్యవారు ఇంగ యాడుండారు సారూ?" అన్నాడు.

నిజమే. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలంగా మా సంఘంలో పాట ఎత్తేది నేనే. మిషన్ దొర మా తాతకు ఇచ్చిపోయిన హార్మోనియం నా చేతిలో ఉంది. ఇంతవరకు ఏ మెకానిక్కునూ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. దొరలు పెట్టిన శ్రుతిని సరిచెయ్యడానికి వీళ్లెవరు?

ఒప్పుకున్నాను.

ఆగస్టు 6. మంగళవారం.

నియమం ఒకటే పెట్టుకున్నాను. ప్రతి గాయకుడి ముందూ పెట్టె పెట్టి, నేను స పట్టుకుంటే అతను సరిగమ పలకాలి. కలిస్తే పట్టికలోకి వస్తాడు, కలవకపోతే రాడు. ఇంతకంటే నిష్పక్షపాతమైన కొలత ఎవరూ పెట్టలేరు. నేను వాయించేది ఒకే శ్రుతిలో. మిగతావి నేర్చుకునే అవసరం రాలేదు.

కాగితం మీద ఒకటి నుంచి పది అంకెలు వేశాను. ఒకటో అంకె పక్కన ఖాళీ వదిలాను. పట్టిక రాసేవాడు తన పేరు తను రాసుకోవడం మర్యాద కాదు. ఎవరైనా సూచిస్తే మాత్రం కాదని వాళ్ల మనసు నొప్పించలేను.

జ్ఞానమ్మకు చెప్పాను. పప్పు తాలింపు వేస్తూ వింది. "పల్లె పాటా?" అని ఒకసారి నా వైపు చూసింది. తర్వాత, "ఆ పెట్టె యాడికి మోసకపోతావు సారూ, నడుంనొప్పి కదా" అంది.

పెళ్లయిన కొత్తలో నన్ను మామా అని పిలిచేది. మేనమామ కూతురే కదా, మా పక్క బావను కూడా మామా అనే అంటారు. తర్వాతెప్పుడో సారూ అనడం మొదలుపెట్టింది. ఎప్పటినుంచో గుర్తు లేదు. ఉద్యోగం చూసి గౌరవం పెరిగి ఉంటుంది.

ఆగస్టు 9. శుక్రవారం.

పులివెందుల. బస్సులో పెట్టెకు లగేజీ టికెట్టు కొట్టాడు కండక్టరు. దొరలిచ్చింది అని చెప్పినా వినలేదు.

ఒక బడి వరండాలో ఆరుగురిని పరీక్షించాను. కోలాటం పాటల మనిషి, చెక్కభజన మనిషి, హరికథ మానేసి టీ అంగడి పెట్టినాయన, ఇంకా ముగ్గురు. అందరూ స దగ్గర బాగున్నారు, రి దగ్గర బాగున్నారు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ పైకి జారిపోయారు. ఆరుగురికి ఆరుగురు. తిరస్కరించాను. టీ అంగడాయన, "మీ పెట్టె ఒగతూరి చూపించుకోండి సారూ" అన్నాడు. ఓడిపోయినవాళ్లు అలాగే అంటారు.

మధ్యాహ్నం సుశీలమ్మ గారింట్లో సంగటి తిన్నాను. ఆదినారాయణకు మేనత్త, డెబ్బై దాటిన మనిషి. వేముల దగ్గర వాళ్లకు ఒకప్పుడు నలభై ఎకరాల శనక్కాయ చేను ఉండేదట. పాటలు పాడేవాళ్లెవరైనా గుర్తున్నారా అని అడిగాను. ఆమె ఆలోచించనే లేదు.

"జ్ఞానమ్మ అని ఒగ పిల్ల. మీ సంఘమోళ్ల పిల్లే. వేముల పక్క పల్లె. కలుపు తీసేటప్పుడు ఆ పిల్ల ముందు సాలు పట్టి పాట ఎత్తుకుంటే ఇరవైమంది ఎనక నుంచి అందుకుంటాండ్రి. రెండు దినాల పని పొద్దుగూకేలోపల అయిపోతాండె. ఆ పిల్ల కోసరం మా మామ బండి కట్టిచ్చి పంపుతాండె. కూలికి పొయ్యే పిల్లకు బండి కట్టేది యాడన్నా చూసినారా? జమ్మలమడుక్కిచ్చి చేసినారంట. మీరెరుగుదురా?"

ఎక్కడో విన్నట్టుంది అన్నాను.

ముసలివాళ్ల జ్ఞాపకం నమ్మదగింది కాదు. నలభై ఎకరాలు కూడా అనుమానమే.

ఆగస్టు 10. శనివారం.

నడుంనొప్పి. జ్ఞానమ్మ ఆముదం కాచి రాసింది. పులివెందుల సంగతులు చెప్పమంది. ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను.

ఆగస్టు 14. బుధవారం.

వీరపునాయునిపల్లె. దారిలో శనక్కాయ చేలల్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఒకామె నడుముకు సెల్‌ఫోను కట్టుకుని ఉంది, పాటలు అందులోంచి వస్తున్నాయి. ఎవరూ నోరు తెరవడం లేదు. సాలుకొకరు ఎక్కడివాళ్లక్కడ ఉన్నారు. ముందామె సగం చేను దాటింది, చివరామె ఇంకా గట్టు దగ్గరే ఉంది.

ఎనిమిదిమందిని పరీక్షించాను. ఎనిమిదిమందీ గాంధారం దగ్గరే.

తొమ్మిదో మనిషి ఖమ్రున్నీసా. దాదాపు డెబ్బై ఏళ్ల ముసలమ్మ, వయసులో ఉన్నప్పుడు కూలిగుంపులో పాడేదని ఎవరో చెబితే పోయాను. పెట్టె చూసి నవ్వింది. "నేను ఎనక అందుకుండేదాన్నే గానీ ముందు పాడేదాన్ని కాదు సారూ. మా గుంపులో ముందు పాడేది జ్ఞానమ్మ."

గొప్ప గొంతా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"గొంతు శానామందికి ఉంటాది సారూ. నాకు తొలిచూలప్పుడు ఏడో నెల. నేను వొంగి తియ్యలేక సాలులో ఎనకబడిపోతాంటి. రైతు చూస్తే రేపట్నుంచి రావద్దంటాడు. ఆ పిల్ల ఎనక్కి తిరిగి చూసేది కాదు. నా గొంతు యాడినుంచి వస్తాందో ఇని కనుక్కునేది. నేను అందుకునే దాంకా ఆ చరణమే మళ్లా పాడ్తాండె. మూడుమాట్లు, నాలుగుమాట్లు. పాట ముందుకు పోకుంటే ఎవురి చెయ్యీ ముందుకు పోదు గదా. నేను వచ్చి వాళ్లతో కలిసినాకనే ఇంగో చరణం. గుంపంతా ఒగే వరసలో పోతాంటిమి. రైతుకు తెలిసేదే కాదు. ముందు పాడేదంటే అది సారూ."

ఇలాంటివాళ్లను కొలవడానికి నా నియమాల్లో చోటు లేదు. ఆమె చెప్పింది మాత్రం రాసుకున్నాను, ఎందుకో తెలియదు.

"ఇప్పుడు యాడుందో పాపం. జమ్మలమడుగులో ఎప్పుడన్నా కనపడిందా మీకు?" అంది.

ఊరు పెద్దది, ఎవరెక్కడున్నారో తెలియదు అన్నాను.

ఆగస్టు 20. మంగళవారం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్లనూ చూశాను. మొత్తం ఇరవైముగ్గురు. ఇరవైముగ్గురూ ఒకేచోట, ఒకే కొలతలో, గాంధారం దగ్గర పైకి జారుతున్నారు. ఇది యాదృచ్ఛికం కాదు. మూడు తాలూకాల గొంతుల్లోనే ఒక దోషం ఉంది. బోరు నీళ్ల ఫ్లోరైడు కారణం కావచ్చు, జొన్న తగ్గి బియ్యం తినడం కారణం కావచ్చు. దీని మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేసినట్టు లేదు. ‘ప్రాంతీయ గాంధార దోషం’ అని పన్నెండు పేజీల వ్యాసం మొదలుపెట్టాను.

ఈ దోషం లేనిది మా సంఘానికి ఒక్కదానికే. వందమంది పాడినా పెట్టెతో చక్కగా కలుస్తుంది. నేను కూడా పాడి చూసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు.

పట్టికలో పది అంకెల పక్కనా ఖాళీనే. పరిస్థితి నన్ను ఎటు నెడుతోందో నాకు అర్థమవుతూనే ఉంది.

ఆగస్టు 21. బుధవారం.

బ్లెస్సీ మైదుకూరు నుంచి ఫోను చేసింది. అక్కడ టీచరుగా చేస్తోంది. "డాడీ, పట్టికలో అమ్మ పేరు రాసినావా?" అంది. అమ్మ పాడదు కదా అన్నాను. "ఏంటికి పాడదో నీకు తెలీదా?" అంది. క్లాసుకు టైమైందని చెప్పి పెట్టేశాను. క్లాసు దానిది, ఫోను పెట్టేసింది నేను.

ఆ ఆదివారం సంగతి ఎవరో దాని తలకెక్కించి ఉంటారు. అప్పటికి అది అయిదేళ్ల పిల్ల. జరిగింది చాలా చిన్న సంగతి. తొంభై రెండు నవంబరులో ఆరాధనలో పాట జరుగుతుంటే ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు పెట్టెకు పైన పోతోంది. పాట ఆపాను. ఎవరో కాదు, జ్ఞానమ్మే. ఇంటిమనిషని వదిలేస్తే పక్షపాతం అవుతుంది. అందుకని ముందుకు పిలిచి, పెట్టె పక్కన నిలబెట్టి, అందరిముందూ సరిగమ పలికించాను. మూడుసార్లు పలికించాను. మూడుసార్లూ గాంధారం తప్పింది. "ఇది దేవుని మందిరం. కలుపుచేను కాదు" అన్నాను. సంఘంలో కొందరు నవ్వారు. ఆమె పోయి తన చోట కూర్చుంది.

అంతే. దిద్దడం అయ్యవారి పని. ఆనాటి నుంచి ఆమె ఎంత పద్ధతిగా పాడుతుందంటే పెదవులు కదలడం కనిపిస్తుంది తప్ప పక్కనున్నవాళ్లకు కూడా వినపడదు.

ఆగస్టు 23. శుక్రవారం.

ఆదినారాయణ మళ్లీ ఫోను చేశాడు. వాళ్ల నాయన కూడా పాడేవాడట. ఎక్కడ పాడేవాడని అడిగాను. "ఎద్దులబండి తోలేటప్పుడు కూనిరాగాలు తీస్తాండె. విన్నోళ్లు సచ్చిపోయినారులే సారూ. ఒగటో నంబరు ఖాళీ ఉంటే చూడండి" అన్నాడు. తర్వాత, "మా అత్త ఎవురో జ్ఞానమ్మ అంటాంది. మీ ఊరే అంట, ఎవురు సారూ?" అన్నాడు.

విచారిస్తాను అన్నాను.

ఆగస్టు 25. ఆదివారం.

ఆరాధనలో పాస్టరు అయ్యగారు, ఎరిగిన మనిషిని మూడుసార్లు ఎరగనన్నవాళ్ల గురించి వర్తమానం చెప్పారు. బాగుంది. సంఘంలో కొందరికి తగిలి ఉంటుంది.

ఆగస్టు 27. మంగళవారం.

ఎలుక పెట్టె వెనక తోలు కొరికేసింది. గాలి నిలవడం లేదు. సైకిలు ట్యూబు ముక్క అతికించి చూశాను, పిల్లి అరిచినట్టు అరుస్తోంది. ఆదివారానికి పెట్టె కావాలి. మెకానిక్కుకు ఇవ్వక తప్పేట్టు లేదు. తోలు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని ముందే చెబుతాను.

ఆగస్టు 29. గురువారం.

ప్రొద్దుటూరు, బంగారు అంగళ్ల వెనక సందు, అబ్దుల్ వాహిద్ అంగడి. నాకంటే పెద్దవాడు. తోలు మార్చి గాలి సరిచూసుకోవడానికి మీటలు ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చాడు. గాంధారం దగ్గర ఆగాడు. ఇంకోసారి నొక్కాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నొక్కాడు, చెవితో వినేదానికి కళ్లద్దాలెందుకో.

"సారూ, ఇది ఎన్నాళ్లనుంచి ఇట్ల దిగి పలుకుతాంది?"

"అది దొరలు పెట్టిన శ్రుతి" అన్నాను.

అతను వాదించలేదు. వద్దంటున్నా మీటల పలక విప్పి, కింద రీడ్ల వరస బయటికి తీసి, వెలుతురులో పట్టాడు. సన్నటి ఇత్తడి నాలుకలు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకదాని కొసన మాత్రం కందిపప్పు బద్దలో సగం ఉండే పసుపుపచ్చటి చుక్క.

"మైనం సారూ. కొవ్వొత్తి మైనం. ఎవురో పెట్టె మీద కొవ్వొత్తి పెట్టింటారు. మీట నొక్కినప్పుడు సందులోంచి కారింటాది. రీడు కొసన బరువు పడితే స్వరం కిందికి దిగుతాది."

బొటనవేలి గోటితో గీకాడు. చుక్క ఊడి అతని లుంగీ మీద పడింది. రీడు మళ్లీ బిగించి మీట నొక్కాడు.

అంత ఎత్తున వినిపించింది గాంధారం. పులివెందుల వరండాలో ఆరుగురు పోయింది అక్కడికే. టీ అంగడాయన పోయింది అక్కడికే. ఇరవైముగ్గురూ అక్కడే నిలబడి ఉన్నారు.

"దీని గురించి ఇన్నాళ్లు ఎవురూ చెప్పలేదా సారూ మీకు?" అన్నాడు వాహిద్.

ఎవరూ చెప్పలేదు అన్నాను.

ఆగస్టు 30. శుక్రవారం.

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 31. శనివారం.

వాహిద్ వయసు మీద పడిన మనిషి. చెవులు సరిగా ఉన్నాయో లేవో. బ్లెస్సీని అడిగి సెల్‌ఫోనులో శ్రుతి చూసే యాప్ వేసుకుని సరిచూశాను. వాహిద్ చెవులు బాగున్నాయి.

పన్నెండు పేజీల వ్యాసం పొయ్యిలోకి పనికొచ్చేది, గ్యాసు పొయ్యి కాకపోయుంటే.

సెప్టెంబరు 1. ఆదివారం.

ఆరాధన రసాభాస అయింది. మొదటి పాటలోనే వందమందీ గాంధారం దగ్గర పెట్టెకు కిందికి పడ్డారు. పెట్టె ఒక చోట, సంఘం ఒక చోట. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కూడా పాడాను. నా గొంతు నేరుగా పాత చోటికే పోయింది. పైకి లాగుదామంటే రాలేదు, గాడికి అలవాటైన ఎద్దులాగా. అయ్యగారు మూడో చరణం వదిలేసి ప్రార్థనలోకి పోయారు.

ఆడవాళ్ల వైపు చూశాను. జ్ఞానమ్మ పెదవులు కదలడం లేదు. తల కొంచెం పక్కకు వంచి పెట్టెను వింటోంది.

సెప్టెంబరు 3. మంగళవారం.

సంఘ కమిటీ కూర్చుంది. వాహిద్ చెప్పిందంతా చెప్పాను, మైనం చుక్కతో సహా. పెట్టె మీద కొవ్వొత్తి ఎవరు పెట్టారన్నది మాత్రం తెలియదన్నాను. కార్యదర్శి రవికుమార్ లేచాడు.

"అయితే ఏమంటారు సారూ? ముప్పై ఏండ్లుగా పాడినోళ్లం అందరం తప్పా? మా నాయన తప్పుగా పాడి సచ్చిపోయినాడా? వందమంది పాడేది తప్పు, ఒగ ఇత్తడి ముక్క పాడేది సరా?"

గంటన్నర మాట్లాడుకున్నారు. చివరికి ఏకగ్రీవంగా తీర్మానం రాశారు. మా సంఘపు శ్రుతిని పూర్వస్థితికి తెచ్చే నిమిత్తం హార్మోనియంలో మైనం తిరిగి వేయవలెను, అందుకు కొవ్వొత్తి ఒకటి సంఘఖర్చుతో కొనవలెను, ఆ పని దయానందం గారు, అంటే నేను, ఆదివారంలోగా చేయవలెను. నేను కూడా సంతకం పెట్టాను. తెలుగయ్యవారిని కదా, తీర్మానంలో రెండు చోట్ల విభక్తులు కూడా దిద్దాను.

సెప్టెంబరు 4. బుధవారం.

పొద్దున్నే పెట్టె విప్పుకుని వసారాలో కూర్చున్నాను. కొవ్వొత్తి వెలిగించాను. రీడు కొసన చుక్క వెయ్యాలి.

జ్ఞానమ్మ చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఇప్పుడే గదా సరయ్యింది. మళ్లా చెడగొడ్తాండావా సారూ?"

"సరైందని నీకెట్లా తెలుసు?"

"తెలీకేమి? పెట్టె తప్పని ఆ దినమే చెప్పినా గదా."

"ఏ దినం?"

"నన్ను నిలబెట్టిన దినం. ఇంటికొచ్చినాక చెప్పినా. పెట్టె తప్పు పలుకుతాంది, ఒగతూరి విప్పి చూసుకో మామా అన్నా. నువ్వు నవ్వినావు. ఆపొద్దు రాసుకుంటాంటివి గదా డైరీ, దాంట్లోనే ఉంటాది, చూసుకో."

చీపురు తీసుకుని వాకిలి ఊడవడానికి పోయింది. కొవ్వొత్తి ఆర్పేశాను.

పాత డైరీలన్నీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నలభై ఏళ్లవి, ఏడాదికొకటి, ఇంతవరకు ఒక్కటీ తిరగేసి చదవలేదు. తొంభై రెండు తీశాను. నవంబరు పదిహేను, ఆదివారం, నా దస్తూరీలోనే ఉంది: ‘జ్ఞానం పెట్టె తప్పంది. నవ్వుకున్నాను. కలుపుకూలీ మనిషి దొరల శ్రుతిని తప్పు పట్టడం!’ చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను.

దాని ముందటి ఏడాది క్రిస్మస్ పేజీ కూడా తీశాను. తియ్యకుండా ఉంటే ఇంకొన్నాళ్లు బతికిపోయేవాణ్ణి. ‘తెల్లవారుజాము ఆరాధనలో కరెంటు పోయింది. పెట్టె మీద కొవ్వొత్తులు రెండు నిలబెట్టుకుని పాడాను. ఆ వెలుగులో అందరి కళ్లూ నా మొహం మీదే.’

సిగ్గేసింది. చిన్నప్పుడు బెత్తం దెబ్బ తిన్నప్పుడు కూడా అంత సిగ్గేయలేదు. డైరీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. చేనుకు ముప్పై ఊళ్ల నుంచి బండి కట్టించుకుని పోయిన గొంతును, మా కూలిబతుకు నలుగురికీ గుర్తొస్తుందని, నేను నోరు మూయించాను. శ్రుతి కాదు నాకు బాధ. ఆ గొంతులో చేను వినిపించేది.

ముప్పై ఊళ్లు అని రాశాను. ఎన్ని ఊళ్లో నాకు తెలియదు, ఎన్నడూ అడగలేదు.

సెప్టెంబరు 5. గురువారం.

పట్టికలో ఒకటో అంకె పక్కన జ్ఞానమ్మ పేరు రాశాను. కింద ఇరవైముగ్గురిలో తొమ్మిదిమందిని రాశాను, టీ అంగడాయన రెండు. ఆదినారాయణకు ఫోనులో చదివి వినిపించాను.

"ఆ జ్ఞానమ్మ దొరికిందా సారూ? యాడుంటాది?"

"మా ఇంట్లో. నా భార్య."

"ఏంది సారూ ఇది, పెద్దమనిషి మీరు. సొంత పెండ్లాం పేరు ఒగటో నంబరు పెడితే జనం ఏమనుకుంటారు? పక్షపాతం అంటారు గదా. ఒగటి మా నాయనకే వేసుకుంటాం. మీకు పదో నంబరిస్తాంలే."

నాకు వద్దన్నాను. నోరు జారి అన్నానేమోనని కాసేపు చూసుకున్నాను. లేదు, వద్దనే అన్నాను.

జ్ఞానమ్మకు చెబితే శనక్కాయలు వొలుస్తూ నవ్వింది. "నా పేరు రాయమని ఎవురడిగినారు నిన్ను? రాసేదుంటే పెట్టె తప్పని రాయి. అందరి ముందూ నన్ను నిలబెట్టినావు గదా, అది కూడా అందరి ముందే చెప్పు సారూ."

సెప్టెంబరు 7. శనివారం.

రేపు చెప్పాల్సింది నాలుగు పేజీలు రాశాను. అందులో మూడు పేజీలు ఆనాటి పరిస్థితుల గురించి. చించేశాను.

సెప్టెంబరు 8. ఆదివారం.

పెట్టె తీసుకుపోయాను. మైనం వెయ్యలేదు. మొదటి పాటకు ముందు లేచి నిలబడ్డాను.

"తొంభై రెండులో జ్ఞానమ్మను ఇక్కడ నిలబెట్టి తప్పు పాడుతోందన్నాను. ఆమె సరిగ్గానే పాడింది. పెట్టె తప్పు పలికింది. ఆ పెట్టె మీద కొవ్వొత్తి పెట్టింది నేనే. ఆమె ఆరోజే చెప్పింది, నేను నవ్వాను. అప్పటినుంచి మనమంతా తప్పుగా పాడుతున్నాం. నన్ను క్షమించమని ఆమెను అడుగుతున్నాను."

ఆకాశం ఏమైనా విరిగిపడుతుందేమో అనుకున్నాను. రవికుమార్ గడియారం చూసుకున్నాడు. "సరే సారూ. పాట నంబరు చెప్పండి, టైమవుతాంది. అంతకూ మైనం ఏసినారా, లేదా?"

లేదన్నాను. పెట్టె మూత వేసేశాను. మందిరంలో గుసగుసలు. పాత చోట పాడాలా, కొత్త చోట పాడాలా అని ఎవరికీ తెలియదు, ఎవరూ ఎత్తుకోవడం లేదు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి పాట లేచింది.

ముప్పై రెండేళ్లయింది ఆ గొంతు విని. వయసు వచ్చింది, కొంచెం బొంగురుపోయింది. కానీ గోడలున్న చోట పాడే గొంతు కాదు అది. నలభై ఎకరాల చివర ఉన్న మనిషికి వినపడాలని పాడే గొంతు. గాంధారం దగ్గర ఇంత కూడా తడుముకోలేదు, తన ఇంట్లోకి తను పోయినట్టు పోయింది.

సంఘం అందుకోబోయి కింద పడింది. జ్ఞానమ్మ ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. రెండో చరణానికీ పోలేదు. మొదటి చరణమే మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొందరు కలిశారు. మళ్లీ అదే చరణం. మగవాళ్లు కలిశారు, రవికుమార్ కూడా కలిశాడు. నేను మాత్రం పాత చోటే పలుకుతున్నాను. అంతమందిలో నా ఒక్కడి గొంతే తప్పుగా వినిపిస్తోంది, నాకే వినిపిస్తోంది. ఆపేద్దామనుకున్నాను. పెదవులు కదిలిస్తే చాలదా అనుకున్నాను.

పాటల పుస్తకంలో ఆ చరణం ఒక్కసారే ఉంది. జ్ఞానమ్మ నాలుగోసారి ఎత్తుకుంది.

అందుకున్నాను.

అప్పుడు రెండో చరణానికి పోయింది.

సెప్టెంబరు 9. సోమవారం.

ఇంట్లో ఉప్పు అయిపోయింది. "మామా, అంగడికి పోయిరా" అంది. పోయొచ్చాను.